థర్మోకోల్ తెప్పలకు పైకప్పు

2024 నవంబరు 9వ తేదీన విజయవాడవద్ద కృష్ణానది నీటిపైనుండి ఒక చిన్న విమానము లేచి, శ్రీశైల జలాశయమున దిగినది. దాని క్రింద పడవలవంటి రెండు పొడవైన తేలుడు పెట్టెలు గలవు. ఇట్టి పెట్టెలు విమానపు బరువుకంటె నూటికి 80 వంతులు అధికముగ మోయగలిగి యుండవలెనని విమాన నిర్మాతల నియమము. ఆటవిమానములు చేయువారును ఇదే పద్ధతిని థర్మోకోల్‌తో అనుసరింతురు. కొన్ని నిమిషముల వినోదమునకై వారు ఆ ముక్కలను నునుపుచేసి, బట్ట అంటించి, రంగు పూసి మఱి నీటిలో విడుతురు. మన చెఱువులలో చేపలు పట్టువారో, ప్రాణమును అదే పదార్థముపై నిలిపియు, దానిని వట్టిదిగనే వాడుచుందురు. పంచాయతీ సభ్యులు ఆలోచింపదగిన విషయమిది.

థర్మోకోల్ అనగా గాలితో ఉబ్బిన సన్నని పూసలు వేడిచే ఒండొంటికి అతుకుకొనిన దిమ్మ. ఒక అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు మందము గల దిమ్మ అర కిలోకు అటునిటుగ తూగును. పూర్తిగ మునుగులోపల సుమారు 27 కిలోలు మోయును. మనిషి 60 కిలోలు, వలయు చేపలును 30 కిలోలు అనుకొందము. మూడున్నర ఘనపుటడుగుల దిమ్మ చాలునని లెక్క తేలును గాని, అది అంచువఱకు మునిగియే యుండును. అందుకు రెట్టింపు, అనగా ఏడు ఘనపుటడుగులకు తక్కువ గాకుండ ఉండుట మేలు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అర అడుగు మందము గల తెప్ప తొమ్మిది ఘనపుటడుగులగును. ఇది మునుగకుండుటకు లెక్క మాత్రమే. తలక్రిందులు కాకుండుటకు వెడల్పే ఆధారము. మందము పెంచి వెడల్పు తగ్గించుట తగదు.

వట్టి దిమ్మకు శత్రువులు మూడు. ఎండ తగిలిన పైపొర పసుపుబారి పొడియగును. రాయి, మోడు తగిలినచోట పూసలు రాలును. పూసల నడుమ సందులలోనికి నీరు మెల్లగా చేరి బరువు పెంచును. రాలిన పూసలను చేపలును, కొంగలును ఆహారమని మ్రింగును. తక్కినవి తూముగుండ పొలములకు చేరును.

కప్పుటయందు పెద్ద చిక్కు జిగురును ఎన్నుకొనుటలో నున్నది. పెట్రోలు, టిన్నరు, అసిటోను థర్మోకోల్‌ను ఉప్పువలె కరగించును. కోస్తాలో ఫైబరు పడవలకు వాడు పాలియెస్టరు రెసిన్ సైతము దీనిని తినివేయును. ఎపాక్సీ రెసిన్ మాత్రము హాని చేయదు. నీటితో కలుపు తెల్లని జిగురులును, నీటి ఆధారపు ఎమల్షను రంగులును అట్టివే. ఏ డబ్బా తెచ్చినను ముందుగా పనికిరాని ముక్కపై రాసి, మఱునాడు చూచుట క్షేమము.

దిమ్మ అంచులను గరుకు కాగితముతో గుండ్రముగ అరుగదీయవలెను. పదునైన మూలవద్ద బట్ట లేచిపోవును. గాజునూలు బట్టను పఱచి, ఎపాక్సీని గట్టి కుంచెతో అద్దవలెను. అతుకులు రెండంగుళములు ఒకదానిపై నొకటి రావలెను. అడుగుభాగపు ముందువైపు అతుకు ఉండరాదు. ఎపాక్సీని ఒకేమారు బకెట్టెడు కలిపినచో అది తనంతట వేడెక్కి, పొగలు చిమ్మి, దిమ్మను కరగించును. కావున కొంచెము కొంచెముగ కలుపుకొనవలెను. చేతికి తొడుగులు తప్పనిసరి. అంత వెచ్చింపలేనివారు పాత నూలుపంచెను బయటిగోడలకు వేయు ఎమల్షనులో తడిపి చుట్టి, ఆరిన పిదప మఱి రెండు పూతలు వేయవచ్చును. ప్రతిదినము ఒడ్డున ఆరబెట్టు తెప్పకు ఇది చాలును. రాత్రింబవళ్ళు నీటనుండు దానికి చాలదు. పైరంగు తెల్లనిదైన ఎండవేడి తక్కువగా పీల్చును. ఎపాక్సీపై నూనెరంగు వేయవచ్చును గాని, సూదిమొనయంత రంధ్రమున్నను అందలి టిన్నరు లోపలికి దిగి గుల్లచేయును.

ఉస్మాన్‌గంజ్, బేగంబజారు టోకు దుకాణములకు సంఘము సరకులకై పోవువారు జనుము, తాళ్ళతోబాటు ఈ సామగ్రినిగూర్చియు విచారింపవచ్చును. మృగశిర కార్తెకు చేపమందుకై నాంపల్లి ప్రదర్శన మైదానమునకు వచ్చినప్పుడు కొనవచ్చునని వాయిదా వేసినచో ఆలస్యమగును; వానలు మొదలైన పిదప పూత ఆరదు. వేసవిలో, చెఱువు ఇంకియున్నప్పుడే నీడపట్టున ఈ పని ముగియవలెను.

2022 జూలై 1 నుండి అమలైన నిషేధము అలంకరణకు వాడు థర్మోకోల్‌ను గూర్చినది. దానిని చూపి మత్స్యకారుల తెప్పలను లాగివేయుట న్యాయము కాదు. అంతకంటె, చెఱువు ఒప్పందము వ్రాయునప్పుడు కప్పులేని తెప్ప దింపరాదను షరతు చేర్చి, మొదటి తెప్పకగు ఖర్చులో కొంత సంఘముతో పంచుకొనుట ప్రయోజనకరము. రక్షణ కవచము, అనగా లైఫ్ జాకెట్టు, దీనితో తీరిపోదు. ఎంత బాగుగ కప్పినను తెప్ప పడవ కాజాలదు.

పూత ఆరిన దినముననే తెప్పను తూచి, ఆ తూనికను దానిపైననే రంగుతో వ్రాయవలెను. నెలకొకమారు పూర్తిగ ఆరబెట్టి మఱల తూచినప్పుడు రెండు మూడు కిలోలు పెరిగిన యెడల నీరు చేరినదని యెఱిగి, చిల్లును వెదకి, మాసిక వేయునంతవఱకు దానిని నీటిలో దింపరాదు. విఱిగిన ముక్కలను కట్టపై కాల్చక, గోనెలలో కట్టి చెత్త సేకరణ బండికి అప్పగింపవలెను.