అమెరికా అధ్యక్షపదవియు అచ్చటి ధర్మాసనమును

అమెరికా అధ్యక్షుని ప్రజలే నేరుగా ఎన్నుకొందురని మన పాఠకులలో పలువురి తలంపు. అది సరికాదు. ప్రజలు ఎన్నుకొనునది నియోజకులను. ఆ 538 మందిలో 270 మంది మద్దతు పొందినవాడే అధ్యక్షుడు. మేయిన్, నెబ్రాస్కా తప్ప తక్కిన రాష్ట్రములలో ఒక్క ఓటు హెచ్చు వచ్చినను నియోజకులందఱును గెలిచినవానికే దక్కుదురు.

ఈ యేర్పాటెంత విచిత్రమో 2000 సంవత్సరమున తేటపడినది. దేశము మొత్తముమీద ఆల్ గోరునకు ఐదు లక్షలకు పైగా ఓట్లు హెచ్చు. అయినను ఫ్లోరిడాలో దాదాపు అఱువది లక్షల ఓట్లకు 537 ఓట్ల ఆధిక్యము జార్జి బుష్షునకు 25 మంది నియోజకులను కట్టబెట్టెను. ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము తిరిగి లెక్కింపుడనెను. డిసెంబరు 12న దేశపు సుప్రీముకోర్టు వలదనెను. తొమ్మండుగురు న్యాయమూర్తులలో ఐదుగురొక వైపు, నలుగురొక వైపు!

అచ్చట న్యాయమూర్తులను అధ్యక్షుడే సెనేటు సమ్మతితో యావజ్జీవము నియమించును. లెక్కింపు వలదన్న ఐదుగురును బుష్షు పక్షమైన రిపబ్లికను అధ్యక్షులు నియమించినవారే. వారిలో క్లారెన్సు థామసును నియమించినది సాక్షాత్తు బుష్షు తండ్రి. అయినను వారు ఋణము తీర్చుకొనిరని మేమనజాలము; ఆ తండ్రియే నియమించిన డేవిడ్ సూటరు ఆ తీర్పుతో విభేదించెను గదా. మఱునాడు గోరు, తీర్పు తనకు సమ్మతము కాదనుచునే, ఓటమి నంగీకరించెను.