పావగడ ఎండలో సూపర్‌జూమ్

పావగడ తాలూకాలో వానకు కరువు గానీ ఎండకు కరువు లేదు. తుమకూరు జిల్లాకు చెందినదైనా మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ పల్లెలే ఆనుకుని ఉన్న మెట్ట ప్రాంతమిది. సంతలోనూ బస్టాండులోనూ కన్నడంతో పాటు తెలుగూ వినిపిస్తుంది. తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు మొదలైన ఐదు ఊళ్ల భూముల్లో, సుమారు 13,000 ఎకరాల్లో, 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలిసిందంటే ఈ ఎండను నమ్ముకునే. దాన్ని 2018 మార్చిలో ప్రారంభించారు, 2019 చివరికి మొత్తం సామర్థ్యం అందుబాటులోకి వచ్చింది. రైతులు భూములు అమ్ముకోకుండా కౌలుకే ఇచ్చారు. ఇదే ఎండ ఇంకో చిన్న విషయాన్ని కూడా తేలుస్తుంది: కోటనూ, పొలాన్నీ, మనిషి ముఖాన్నీ, దూరాన మేసే జింకనూ ఒక్క లెన్సుతోనే తీయవచ్చని చెప్పి అమ్మే సూపర్‌జూమ్ కొనదగినదా కాదా అన్నది. ఈ లెన్సు గురించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది పదును దగ్గరే ఆగిపోతారు. దాని అసలు లోటు పదును కాదు, వెలుతురు. దాని పుట్టుక నుంచి ఇప్పటిదాకా జరిగిన కథ చూస్తే ఇది తెలిసిపోతుంది.

జూమ్ ఆలోచన పాతదే. అమెరికాలో క్లైల్ అలెన్ 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. చేతల్లోకి రావడానికే చాలా కాలం పట్టింది. మామూలు లెన్సులో గాజుల మధ్య ఎడం పెద్దగా మారదు కాబట్టి, ఒక్క ఫోకల్ లెంత్ (బొమ్మ ఎంత దగ్గరగా కనిపించాలో తేల్చే మి.మీ. కొలత) దగ్గర దోషాలను సవరించుకుంటే సరిపోతుంది. జూమ్‌లో కొన్ని గాజుల గుంపులు ముందుకూ వెనక్కూ జరగాలి. ఒక గుంపు జరిగి బొమ్మను పెద్దది చేస్తుంటే, ఆ బొమ్మ మసకబారకుండా ఇంకో గుంపు దానికి తగినంత జరగాలి. ఈ రెండు నడకలూ ఒకే తీరులో సాగవు. గొట్టం లోపల వంపులు తిరిగిన గాడులు చెక్కి, గాజులను వాటి వెంట నడిపిస్తారు. గాడి వెంట్రుకవాసి తప్పితే బొమ్మ చెడిపోతుంది. ఈ చిక్కును మొదట దాటినవాళ్లు సినిమావాళ్లు. ఇంగ్లండులోని టేలర్, టేలర్ అండ్ హాబ్సన్ సంస్థ తయారుచేసిన 40–120 మి.మీ. కుక్ వారో 1932లో సినిమా కెమెరాలకెక్కింది. తెర మీద ఒక్కో బొమ్మ సెకనులో ఇరవైనాలుగో వంతు మాత్రమే నిలుస్తుంది గనుక చిన్నచిన్న దోషాలు కంటికి ఆనవు. చేతిలో పట్టుకుని నిదానంగా చూసే ఫోటోకు ఆ వెసులుబాటు లేదు. అందుకే 35 మి.మీ. స్టిల్ కెమెరాకు తొలి జూమ్ రావడానికి 1959 దాకా ఆగవలసి వచ్చింది. వియన్నాలో పుట్టి అమెరికా చేరిన ఫ్రాంక్ బ్యాక్ రూపొందించిన ఆ ఫోక్ట్‌లెండర్ జూమర్‌లో 14 గాజులున్నాయి. దాని పరిధి 36 నుంచి 82 మి.మీ. దాకా, అంటే రెండున్నర రెట్లు కూడా లేదు. 1963లో నికాన్ తెచ్చిన 43–86 సరిగ్గా రెండు రెట్లది. బాగానే అమ్ముడుపోయింది కానీ, అందులో గోడలూ స్తంభాలూ వంకర తిరిగి కనిపించేవి.

రెండు రెట్ల దగ్గరున్న ఆ లెన్సు ఇరవై రెట్లు దాటిందంటే ఆ గొప్ప ఒక్క గాజుది కాదు. పూత పూయని గాజు ఉపరితలం దాని మీద పడ్డ కాంతిలో సుమారు నాలుగు శాతాన్ని వెనక్కి తిప్పేస్తుంది. జపాన్ కంపెనీ ట్యామ్రాన్ 18–400 మి.మీ. లెన్సులో 16 గాజులు 11 గుంపులుగా ఉన్నాయి. అంటే గాలికి తగిలే ఉపరితలాలు 22. పూత లేకపోతే సగానికి పైగా కాంతి దారిలోనే పోతుంది, పోయిన కాంతి లోపలే అటూ ఇటూ తిరిగి బొమ్మను వెలవెలబోయేలా చేస్తుంది. జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మాకులా 1935లో కనిపెట్టిన ప్రతిఫలన నిరోధక పూతే ఇన్ని గాజుల లెన్సుకు దారి తెరిచింది. ఆ తర్వాత, లాగరిథమ్ పట్టికలు ముందు పెట్టుకుని నెలల తరబడి వేసే లెక్కలను కంప్యూటర్లు అందుకున్నాయి. గోళాకారం కాని వంపుతో గాజును తయారుచేయడం చౌక అయింది. ఇవన్నీ కలిసొచ్చి, ట్యామ్రాన్ 1992లో తెచ్చిన 28–200 మి.మీ. లెన్సుతో సూపర్‌జూమ్ మామూలు కొనుగోలుదారుకు అందింది. దాన్ని చేతిలో పట్టుకుని ఊళ్లు తిరగవచ్చు, కానీ రెండు మీటర్లకంటే దగ్గరున్న వస్తువు మీద ఫోకస్ కుదిరేది కాదు. అక్కడి నుంచి నడక వేగం పుంజుకుంది. 2005లో 18–200, 2008లో 18–270, 2017లో 18–400. చివరిది 22 రెట్లు దాటింది, బరువు 700 గ్రాములకు కాస్త ఎక్కువ. ఈలోగా కెమెరా కూడా మారింది. వంకర తిరిగిన గీతలనూ, నల్లబడిన మూలలనూ ఇప్పుడు లోపలి సాఫ్ట్‌వేరే సరిదిద్దుతోంది. గాజు చేయలేని పనిని లెక్క చేస్తోంది. దీన్ని మోసమనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. చేతికొచ్చిన ఫోటోను బట్టి లెన్సును తూచాలి తప్ప, మధ్యలో ఏ దారిన వచ్చిందన్నది బట్టి కాదు.

సాఫ్ట్‌వేరు గానీ, పూత గానీ, కంప్యూటరు గానీ తీర్చలేని లోటు ఒకటుంది. అది రేఖాగణితానికి సంబంధించినది. ఫోకల్ లెంత్‌ను కాంతి లోపలికొచ్చే రంధ్రం వ్యాసంతో భాగిస్తే ఎఫ్ సంఖ్య వస్తుంది. చెరువులో ఎన్ని నీళ్లున్నా పొలానికి పారేది తూము వెడల్పును బట్టే కదా, ఇక్కడా అంతే. 400 మి.మీ. దగ్గర ఎఫ్/6.3 కావాలంటే రంధ్రం 63 మి.మీ. ఉండాలి. అదే ఎఫ్/2.8 కావాలంటే 143 మి.మీ., అంటే జానెడులో సగానికి పైనే. అలాంటి 400 మి.మీ. లెన్సులున్నాయి, ఒక్కొక్కటి దాదాపు మూడు కిలోలో అంతకు పైనో తూగుతుంది. మెడలో వేసుకుని తిరగగల సూపర్‌జూమ్ కావాలంటే చివరి కొసన ఎఫ్/6.3 దగ్గర రాజీపడక తప్పదు. ఎఫ్/2.8తో పోలిస్తే అందులోకి వచ్చే కాంతి ఐదో వంతు. చౌకగా దొరికే 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సుతో పోలిస్తే పన్నెండో వంతు. రేపు ఎంత గొప్ప గాజు వచ్చినా ఈ లెక్క మారదు.

ఈ ఐదో వంతు ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు అన్నదే కొనేముందు తేల్చుకోవాలి. నిండు ఎండలో ఐఎస్‌ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 100 పెట్టి, ఎఫ్/16 దగ్గర సెకనులో నూరో వంతు ఇస్తే ఫోటో సరిగ్గా వస్తుందన్నది ఫిల్ము రోజుల నుంచీ ఉన్న లెక్క. దాన్నే ఎఫ్/6.3కు మారిస్తే సెకనులో 640వ వంతు వస్తుంది. 400 మి.మీ. లెన్సును చేతిలో పట్టుకుని తీయడానికి కావలసిన వేగం దాదాపు ఇదే. ఐఎస్‌ఓ ఒక్క మెట్టు కూడా పెంచనక్కర్లేదు. పొద్దు పొడిచిన గంటకు వెలుతురు దీనిలో ఎనిమిదో వంతే ఉందనుకున్నా, ఐఎస్‌ఓ 800 పెడితే అదే వేగం దొరుకుతుంది. ఇప్పటి సెన్సార్లకు 800 బరువేమీ కాదు. ఇదే జిల్లాలో మధుగిరి తాలూకా మైదనహళ్లి దగ్గర కృష్ణజింకల సంరక్షణ ప్రాంతం ఉంది, సుమారు 800 ఎకరాల గడ్డిమైదానం. జింక వంద మీటర్ల దూరంలో ఉందనుకుందాం. మామూలు ఏపీఎస్-సీ సెన్సారున్న కెమెరాలో 18 మి.మీ. దగ్గర ఆ దూరాన 130 మీటర్ల వెడల్పు నేల కనిపిస్తుంది. 400 మి.మీ.కు తిప్పితే ఆరు మీటర్లకు లోపే. మీటరుంపావు పొడవున్న జింక ఆ చట్రంలో ఐదో వంతు ఆక్రమిస్తుంది, 24 మెగాపిక్సెళ్ల ఫోటోలో సుమారు 1,200 చుక్కల పొడవు వస్తుంది. చూసి ఆనందించడానికీ, పత్రికలో చిన్న బొమ్మగా వేయడానికీ అది చాలు. వణుకు తగ్గించే ఏర్పాటు మన చేతిని అదుపు చేస్తుంది గానీ జింక ఉరుకును ఆపలేదు. దాన్ని ఆపేది షట్టరు వేగమే, ఆ వేగాన్నిచ్చేది ఎండే.

దీనికి మొదటి అభ్యంతరం పదును గురించే వస్తుంది. సూపర్‌జూమ్ చివరి కొసన మెత్తబడుతుంది, మూలల్లో ఇంకా మెత్తబడుతుంది. నిజమే. అయితే 8×12 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున కావలసింది 86 లక్షల చుక్కలు. మామూలు ఫోన్ తెరకు పాతిక లక్షలు. కెమెరా ఇచ్చేది రెండు కోట్ల నలభై లక్షలు. బొమ్మను కుదించినప్పుడు ఆ మెత్తదనంలో చాలా భాగం కనిపించకుండా పోతుంది. ఫోటోలో చిన్న ముక్కను కత్తిరించి పెద్దది చేసేవాళ్లకు మాత్రం అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చిలమత్తూరు మండలం వీరాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగల ఈకలు లెక్కపెట్టగలిగేంత బొమ్మ కావాలనుకునేవాళ్లు 150–600 రకం లెన్సు కొని, దాని రెండు కిలోల బరువు మోయాల్సిందే. అయినా పావగడలాంటి చోట మధ్యాహ్నం ఏ లెన్సూ పూర్తిగా పనిచేయదు. కాలిన నేల మీద వేడి గాలి పొరలు కదులుతుంటే కాంతి వంగుతూ వస్తుంది, మూడు వందల మీటర్ల అవతలిదేదైనా నీళ్లలోంచి చూసినట్టు అలలాడుతుంది. ఆ సమయంలో లక్షల లెన్సుకూ సూపర్‌జూమ్‌కూ మధ్య తేడా చాలావరకు చెరిగిపోతుంది. పొద్దున ఎండ వచ్చాక, నేల వేడెక్కకముందు ఉండే రెండు గంటలే దూరపు ఫోటోలకు మంచి వేళ.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. 18–55, 55–250 అని రెండు లెన్సులు తీసుకుంటే రెండూ కలిపి 600 గ్రాములు దాటవు. దూరపు కొసన పదునులో సూపర్‌జూమ్‌ను మించిపోతాయి కూడా. మరి ఒక్క లెన్సే ఎందుకు? ఆప్టిక్స్ వరకే చూస్తే దీనికి నా దగ్గర జవాబు లేదు, జంటే మేలు. సూపర్‌జూమ్ వాదన నిలబడేది పొలంలో, జాతరలో, గాలిలో. లెన్సు మార్చినప్పుడల్లా కెమెరా నోరు తెరుచుకుంటుంది. సౌర ఫలకాల మీద పేరుకునే దుమ్మును తుడవడమే ఒక పెద్ద పనిగా మారే ఇలాంటి పొడి నేలలో, ఆ దుమ్ము సెన్సారు మీద కూర్చుంటే తర్వాత తీసే ప్రతి ఫోటోలోనూ ఆకాశం మీద మచ్చ తేలుతుంది. సాగే గొట్టం గాలిని పీల్చి వదులుతుంది కాబట్టి సూపర్‌జూమ్‌లోకీ కొంత దుమ్ము చేరుతుంది. బెడద తగ్గుతుంది తప్ప పోదు. దుమ్ము కంటే నాకు ముఖ్యంగా తోచేది సమయం. పావగడ కొండ కోట మొత్తాన్ని చట్రంలో పట్టుకున్న మరుక్షణమే బురుజు మీద వాలిన గద్దను తీయాలంటే, సంచి విప్పి లెన్సు మార్చేంతవరకు గద్ద ఆగదు. లెన్సు మార్చడానికి బద్ధకించి ఊరుకున్న ఫోటోకు పదును ఎంతన్న ప్రశ్నే రాదు. ఓపికగా మార్చుకునే అలవాటున్నవాళ్లు మాత్రం నిస్సందేహంగా జంటనే కొనుక్కోవాలి.

ఫోన్ చాలదా అంటే, దగ్గరి వాటికీ మధ్య దూరం వాటికీ చాలుతుంది. పగటి వెలుతురులో కోటనూ, ఇదే తాలూకాలోని నాగలమడికె గుడి గోపురాన్నీ, మనుషుల ముఖాలనూ ఫోన్ ఎంత బాగా తీస్తుందంటే, వాటి కోసమే అయితే సూపర్‌జూమ్ కొనడం డబ్బు దండగ. ఫోన్ టెలీ లెన్సుల్లో కాంతి చొరబడే రంధ్రం అర అంగుళం కూడా ఉండదు. వంద మీటర్ల అవతలి జింక దగ్గర దాని బలం అయిపోతుంది, మిగతాది సాఫ్ట్‌వేరు ఊహ. కాబట్టి సూపర్‌జూమ్ కొనడానికి కారణం దాని దూరపు కొసే. ఆ కొస వాడనివాళ్లకు అది అక్కర్లేదు.

పొద్దు గూకాక ఈ లెక్కలన్నీ తిరగబడతాయి. రాత్రి దీపాల వెలుగులో ఇంట్లో గానీ పెళ్లి మండపంలో గానీ ఉండే వెలుతురు నిండు ఎండతో పోలిస్తే అయిదు వందలవ వంతు నుంచి వెయ్యో వంతు దాకా ఉంటుంది. మసకగా ఉన్న గదిలో ఎఫ్/6.3 దగ్గర సెకనులో 125వ వంతు వేగం కావాలంటే ఐఎస్‌ఓ 15,000 దాటాలి. బొమ్మంతా ఇసుక చల్లినట్టు అవుతుంది. అదే చోట 50 మి.మీ. ఎఫ్/1.8కు 1,300 చాలు. ఆ లెన్సు బరువు 200 గ్రాముల లోపే, ధర కూడా సూపర్‌జూమ్ ధరలో చిన్న భాగం. పెళ్లిళ్లు, పురుళ్లు, రాత్రి నాటకాలు తీసి బతికేవాళ్లు సూపర్‌జూమ్ కొంటే, పని ముఖ్యమైన చోటే అది చేతులెత్తేస్తుంది.

నా తీర్పు ఇది. పగటిపూట, ఆరుబయట, దూరపు వాటిని తీసేవాళ్లకు సూపర్‌జూమ్ కొనదగినదే, దానికి తోడుగా ఒక ఎఫ్/1.8 లెన్సు ఉంటే. ఇంట్లోనూ రాత్రిళ్లూ తీసేవాళ్లకు కొనదగినది కాదు. పెట్టె మీద రాసిన రెట్ల సంఖ్య చూసి మోసపోవద్దు. రెట్లు పెరిగేకొద్దీ గాజు మీద రాజీ కూడా పెరుగుతుంది, కాబట్టి 200 మి.మీ. చాలనుకుంటే 400 వెంట పడనక్కర్లేదు. దుకాణానికి వెళ్లేముందు ఒక పని చేయండి. గత ఏడాదిలో మీరు తీసిన ఫోటోల వివరాలు ఫోన్‌లోనే ఉంటాయి, ఒక్కోటీ తెరిచి తీసిన గంట చూడండి. వాటిలో ముప్పావు వంతు పగటివైతే, దూరానివి తీయలేక వదిలేసినవి ఎన్నో మీకు గుర్తుంటే, కొనండి. లేకపోతే ఆ డబ్బుతో ముందు ఎఫ్/1.8 లెన్సు తీసుకోండి.