'యెహోవా' అనే పదం ఎలా వచ్చింది?

మక్తల్ వంటి ఊళ్ళలో ఉర్దూ, తెలుగు రెండూ చదివే ముస్లిములకు ఒక సందేహం కలగవచ్చు. పాత నిబంధన ఉర్దూ అనువాదంలో చాలాచోట్ల 'ఖుదావంద్' అని ఉన్నచోట తెలుగులో 'యెహోవా' అని ఉంటుంది. ఇంతకూ మూలంలో ఉన్నదేమిటి?

నాలుగు హల్లులు: యోద్, హే, వావ్, హే. జేర్, జబర్ లేని అరబ్బీలాగే ప్రాచీన హీబ్రూను కూడా అచ్చుల గుర్తులు లేకుండానే రాసేవారు. భక్తిభయాల వల్ల యూదులు ఈ నామాన్ని పైకి పలకడం మానుకున్నారు, క్రీ.శ. 70లో జెరూసలేం ఆలయం నేలమట్టమయ్యాక ఆలయంలో పలికే ఆచారమూ పోయింది. దాని బదులు 'అదోనాయ్' (నా ప్రభువు) అని చదువుతారు. ఉర్దూ 'ఖుదావంద్' ఆ చదువునే అనుసరించింది. తర్వాతి శతాబ్దాలలో మసోరా పండితులు ఈ చదువును గుర్తు చేయడానికి అదోనాయ్‌లోని అచ్చుల గుర్తులను ఆ నాలుగు హల్లులకు తగిలించారు. రెంటినీ కలిపి చదివిన ఐరోపా క్రైస్తవుల నోట 'యెహోవా' పుట్టింది. తెలుగు బైబిల్ ఆ రూపాన్నే తీసుకున్నది. నేటి పరిశోధకులలో ఎక్కువమంది పాత గ్రీకు రాతల ఆధారంగా 'యహ్వే' అంటారు. అదీ ఊహే, కాకపోతే బలమైన ఊహ.

అర్థానికి మాత్రం మూలంలోనే ఆధారముంది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం)తో దైవ సంభాషణను తెలిపే నిర్గమకాండం 3వ అధ్యాయం ఈ నామాన్ని 'ఉండు' అనే ధాతువుతో ముడిపెడుతుంది. ఆయతుల్ కుర్సీలోని 'అల్ ఖయ్యూమ్' ఇక్కడ గుర్తుకు రావడం సహజం. భావం దగ్గరిదే; ధాతువు వేరు.

ఇది 'యా హువ' అనే అరబ్బీ పిలుపేనని కొందరంటారు. వినడానికి బాగున్నా ఆ వాదం నిలవదు. ఎక్కువమంది పండితుల దృష్టిలో ఇక్కడి 'య' సంబోధన కాదు, అరబ్బీ 'యఫ్అలు'లో వలె క్రియకు ముందు చేరే అక్షరం. 'అల్లాహ్' అనే నామానికి నిజమైన చుట్టం 'ఎలోహ్' అనే మరో హీబ్రూ పదం. దాని బహువచన రూపం 'ఎలోహీమ్' ఆదికాండం మొదటి వాక్యంలోనే కనిపిస్తుంది.