పాటల లైబ్రరీ స్కానింగ్ – ఫైళ్ల కాపీ వేగంపై దాని ప్రభావం

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• మ్యూజిక్ ప్లేయర్ స్కానింగ్ చేసేటప్పుడు హార్డ్ డిస్క్‌లో ఏం జరుగుతుందో వివరించగలుగుతారు.
• కాపీ వేగం ఎంత తగ్గుతుందో లెక్కగట్టగలుగుతారు.
• ఆ ఇబ్బందిని నివారించగలుగుతారు.

పరిచయం

మీ కంప్యూటర్‌లో వేల సంఖ్యలో పాటలు, ఆడియో పాఠాలు ఉన్నాయనుకోండి. వాటిలో 4 జీబీ ఫైళ్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేస్తున్నారు. నిమిషంలోపే అయిపోతుందనుకున్న పని, మ్యూజిక్ ప్లేయర్ తెరవగానే నత్తనడక పడుతుంది. డిస్క్ పాడైందేమోనన్న అనుమానం రావడం సహజం. నాకూ ఒకసారి అలాగే వచ్చింది. తొందరపడి కేబుల్ లాగేశాను. బయటి డిస్క్‌లో అంతకుముందు దాచుకున్న పాఠాలు కూడా కొన్ని తెరుచుకోలేదు. వాటికి వేరే నకలు లేదు. నిజానికి డిస్క్‌లో ఏ లోపమూ లేదు. అది చేస్తున్న పని నాకు అర్థం కాలేదు, అంతే.

ప్లేయర్ ఏం చదువుతుంది?

పాట పేరు, గాయకుల పేర్లు, ఆల్బమ్ వంటి వివరాలు ఎంపీ3 ఫైలులోనే ఐడీ3 ట్యాగ్ రూపంలో ఉంటాయి. పాత పద్ధతిలో ఇది ఫైలు చివరి 128 బైట్లలో ఉంటుంది. తరవాతి పద్ధతిలో సాధారణంగా ఫైలు మొదట్లో ఉంటుంది. లైబ్రరీ తయారు చేయడానికి ప్లేయర్ ప్రతి ఫైలునూ తెరిచి, ఈ కొద్ది సమాచారం చదివి, మరో ఫైలుకు వెళ్తుంది. చదివేది తక్కువ, తిరిగేది ఎక్కువ.

ఒక చిన్న లెక్క

హార్డ్ డిస్క్‌లో సమాచారం చదివే హెడ్‌లన్నీ కలిసే కదులుతాయి. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టు 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4.17 మిల్లీసెకన్లు ఆగాలి. హెడ్ సరైన ట్రాక్‌కు చేరడానికి మరో 9 మిల్లీసెకన్లు అనుకుందాం. మొత్తం సుమారు 13.

కాపీ ఒక్కటే జరిగితే సెకనుకు 100 ఎంబీ చదవగలదనుకుంటే, 1 ఎంబీకి 10 మిల్లీసెకన్లు చాలు. ఇప్పుడు ప్రతి 1 ఎంబీ తరవాత హెడ్ ఒకసారి ట్యాగ్ కోసం వెళ్లి రావాలనుకోండి. పోవడానికి 13, రావడానికి 13, చదవడానికి 10. మొత్తం 36 మిల్లీసెకన్లు. వేగం సెకనుకు సుమారు 28 ఎంబీకి పడిపోతుంది. 40 సెకన్ల కాపీకి 144 సెకన్లు పడుతుంది. సాలు వెంట సాగుతున్న నాగలిని నాలుగు అడుగులకోసారి గట్టు మీదికి పిలిచినట్లే ఇది.

ఆపరేటింగ్ సిస్టమ్ ఈ నష్టాన్ని కొంత తగ్గిస్తుంది. ముందున్న భాగాన్ని ముందే చదివి ఉంచుతుంది. వచ్చిన అభ్యర్థనలను వరసలో పెడుతుంది. అందుకే అసలు వేగం డిస్క్‌ను బట్టి, ప్లేయర్‌ను బట్టి మారుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే హెడ్ ఉండదు కాబట్టి అక్కడ ఈ తేడా చాలావరకు తెలియదు.

మీరు చేయవలసినవి

1. కాపీ పూర్తయ్యేవరకు ప్లేయర్‌ను మూసివేయండి. కొన్ని ప్లేయర్లు కిటికీ మూసినా వెనుక పని చేస్తూనే ఉంటాయి. విండోస్‌లో టాస్క్ మేనేజర్‌లో చూసి నిర్ధారించుకోండి.
2. ప్లేయర్ గమనించే ఫోల్డర్‌లోకే కొత్త పాటలు కాపీ చేస్తుంటే, ఆ ఆటోమేటిక్ స్కానింగ్‌ను ముందే ఆపండి. లేకపోతే సగం వచ్చిన ఫైలును చదివి, పాట నిడివిని తప్పుగా చూపవచ్చు.
3. మొదటి స్కానింగ్‌ను తీరిక వేళ పూర్తి కానివ్వండి. చాలా ప్లేయర్లు వివరాలను దాచుకొని, తరవాత మారిన ఫైళ్లనే చదువుతాయి.
4. కాపీ నెమ్మదించిందని కేబుల్ లాగవద్దు. రిసోర్స్ మానిటర్‌లో డిస్క్‌ను ఏ ప్రోగ్రామ్ వాడుతోందో చూడండి. కాపీ ముగిశాక కూడా డిస్క్‌ను సురక్షితంగా తొలగించే ఆదేశం ఇచ్చాకే తీయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్క్‌లో సగటున అర చుట్టుకు ఎంత సమయం పడుతుంది?
2. స్కానింగ్‌లో చదివే సమాచారం స్వల్పమే అయినా కాపీ వేగం ఎందుకు తగ్గుతుంది?