కట్టించుకున్న పన్ను నొప్పి చెప్పదు, మీరే కనిపెట్టుకోవాలి

సెలవు మీద ఊరికి పోయినప్పుడు కరీంనగర్‌లోనో నిజామాబాద్‌లోనో ఇంప్లాంట్ పన్ను వేయించుకుని దుబాయ్ తిరిగొచ్చేవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లలో కొందరికి ఒక అనుమానం వస్తుంది: "నమిలితే తెలుస్తోంది గానీ సొంత పన్నులా లేదు. ఏమన్నా తేడా చేసిందా?"

కొంచెం మొద్దుగా ఉండటం మామూలే. సొంత పన్ను ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. వేరుకీ దవడ ఎముకకీ మధ్య సన్నని నారల పొర ఉంటుంది. అన్నంలో చిన్న రాయి తగిలినా నోరు టక్కున ఆగిపోయేది ఆ పొరలోని నరాల వల్లే. చల్లనీళ్లకు జివ్వుమనేది పన్ను లోపలి నరం. పన్ను తీసేస్తే ఈ రెండూ పోతాయి.

ఇంప్లాంట్ అంటే టైటానియం మర. ఈ లోహం ఎముకతో కలిసిపోతుందని స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల మీద ప్రయోగాల్లో గమనించారు. 1965లో మనిషి దవడలో పెట్టారు.

మరి నరాల పొర లేకుండా నమిలింది ఎలా తెలుస్తోంది? ఒత్తిడి మర ద్వారా ఎముకకు పోతుంది. ఎముక మీది పొర, చిగుళ్లు, దవడ కండరాలు, దవడ కీలు ఆ కబురు మెదడుకు చేరుస్తాయి. నెలలు గడిచేకొద్దీ మెదడు అలవాటు పడుతుంది. అయినా సొంత పన్నంత చురుకు రాదు. సొంత పళ్ల మధ్య సుమారు 20 మైక్రాన్ల రేకు ఉన్నా పట్టేస్తాం. ఒకవైపు ఇంప్లాంట్ ఉంటే దాదాపు 50 మైక్రాన్లు ఉండాలి.

ప్రమాదం ఇక్కడే ఉంది. ఎక్కువ బలంతో కొరికినా అది "చాలు" అని చెప్పదు. చుట్టూ చిగురు చెడుతున్నా మొదట్లో నొప్పి రాకపోవచ్చు. కాబట్టి నొప్పి కోసం ఎదురుచూడకండి. బ్రష్ చేసేటప్పుడు రక్తం, వాపు, చీము, పన్ను కదలడం, వీటిలో ఏది కనిపించినా డాక్టర్ దగ్గరికి పోండి. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే ముందే చెప్పండి. సిగరెట్, అదుపులో లేని షుగర్ ఇంప్లాంట్‌ను పాడుచేస్తాయి.

మత్తు దిగినా పెదవి, గడ్డం తిమ్మిరిగానే ఉంటే అది మామూలు కాదు, నరం దెబ్బతిని ఉండొచ్చు. మరుసటి రోజుకు ఆగకుండా వేసిన డాక్టర్‌కు చెప్పండి. ఫ్లైట్ ఎక్కాక చూద్దాంలే అనుకోవద్దు.

మర ఎముకలో కుదురుకోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మన సెలవు అంత ఉండదు. అందుకే ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు, వేసిన తేదీ రాయించుకుని, ఎక్స్‌రే ఫోన్‌లో పెట్టుకోండి. అవి లేకపోతే ఇక్కడి క్లినిక్‌లో మిగతా పని చేయడం కష్టం.

2025 జనవరి 1 నుంచి షార్జా, అజ్మాన్ వంటి ఎమిరేట్లలో కూడా ప్రైవేటు కార్మికులకు ఆరోగ్య బీమా తప్పనిసరి అయింది. కానీ బేసిక్ బీమాలో ఇంప్లాంట్ ఖర్చు వస్తుందని నమ్ముకోవద్దు. మీ కార్డులో పళ్లకు ఏముందో కంపెనీలో ముందే అడగండి.