పండుగ సెలవులలో పుస్తకము

దసరా సమీపించినంతనే మన యిండ్లలో పుస్తకములకు గొప్ప గౌరవము లభించును. పిల్లల పాఠ్యపుస్తకములను, పెద్దల భాగవతమును, మగవారి లెక్కల పుస్తకములను పీటపై నుంచి, పసుపు కుంకుమలిడి పూజింతుము. పూజ ముగిసినపిదప వానిని బీరువాలో భద్రపరతుము. బడిపిల్లలకు సెలవులు, ఉద్యోగులకు సెలవులు. పొయ్యికి మాత్రము సెలవు లేదు. కావున ఇల్లాలికిని లేదు. చదువులతల్లిని పూజించు పండుగలో స్త్రీకి నాలుగు పుటలు చదువుకొను తీరిక లేకుండుట న్యాయమా యని మేము ప్రశ్నించుచున్నాము.

జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు మూడును 2016 అక్టోబరు 11వ తేదీన, విజయదశమినాడే, ఏర్పడినవి. ఈ సీమవారికి పుస్తకము పరాయి వస్తువు కాదు. జనగామ జిల్లాలోని పాలకుర్తి సోమనాథకవి యూరు. ఆయన బసవపురాణమును ద్విపదలో రచించెను. ద్విపద పాడుకొనుటకు సులభము; అక్షరములు రానివారును విని జ్ఞాపకముంచుకొనగలరు. పాలకుర్తికి చేరువనున్న బమ్మెర పోతనామాత్యుని గ్రామముగా ప్రసిద్ధి కెక్కినది. ఆయన భాగవతమును ఒక రాజు భూమిలో పాతించగా కొంత చెదలపాలయ్యెనని లోకులు చెప్పుకొందురు. ఆ కథ యెట్లున్నను, పంచమస్కంధమును గంగనయు, షష్ఠమును సింగనయు, ఏకాదశ ద్వాదశములను నారయయు రచించుట నిజము. మూసియుంచిన పుస్తకమునకు చెదలే పాఠకులు గదా!

మహబూబాబాదు జిల్లాలోని ఇనుగుర్తి సంగతియు వినుడు. నిజాము పాలనలో ఉర్దూ రాజభాషగా నున్న కాలమున, 1922లో, ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరు లా పల్లెనుండి 'తెనుగు' అను వారపత్రికను వెలువరించిరి. ఇక భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరమున గోదావరీ ప్రాణహితలతో సరస్వతి అంతర్వాహినిగా కలియునని భక్తుల నమ్మకము. 2025 మేనెలలో అచట సరస్వతీ పుష్కరములు జరిగినవి. నదిగానున్న సరస్వతికై అంతదూరము పోవు మనము, ఇంట పుస్తకముగానున్న సరస్వతిని పలుకరింపకుండుట యేల?

పండుగపనులు మానవలెనని మా యభిప్రాయము కాదు. పనిలోనే చదువునకు చోటు చేయవచ్చును. ఎంగిలిపూల బతుకమ్మనా డొక పుస్తకము నారంభించి సద్దుల బతుకమ్మనాటికి ముగింపుడు. తంగేడు, గునుగుపూలు పేర్చునప్పుడు చేతులకు పనియే గాని చెవులకు తీరిక. ఒకరు చదువ తక్కినవారు వినవలెను. చదువురాని అత్తగారును, బడికిపోవు మనుమరాలును ఒకే కథను విని నవ్వుకొందురు. రాత్రివేళ పిల్లలను రెండు జట్లుగ కూర్చుండబెట్టి పద్యముల అంత్యాక్షరి ఆడింపుడు. ఓడినజట్టు గెలిచినవారికి సత్తుపిండి పంచవలెను!

వాయనముతో నొక పుస్తకమును గూడ ఇచ్చుట మంచిది. క్రొత్తది కొని యియ్యనక్కరలేదు. మీరు చదివినదానిని ఇచ్చి, దీపావళికి తిరిగి పుచ్చుకొనుడు. పది యిండ్లవా రిట్లు చేసిన, ఒక పుస్తకపు వెలతో పది పుస్తకములు చదువవచ్చును.

పూజనాడు పుస్తకము ముట్టరాదను ఆచారము కొన్ని యిండ్లలో కలదు. దానిని కాదనవలదు. విజయదశమినాడు జమ్మిపత్రి పంచుకొన్న పిదప పుస్తకము తీసి చదువుడు. ఆనాడు వంట ముగిసిన తరువాత ఒక గంటకాలము ఇల్లాలిని ఏ పనికిని పిలువరాదని ఇంటివారందరు నియమము పెట్టుకొనవలెను. పిండివంటలలో నొకటి తగ్గినను పండుగకు లోటు రాదు. మంచినీళ్లు తామే ముంచుకొని త్రాగినందున మగవారి గౌరవమునకును భంగము లేదు.

ఏటేట నవంబరు 14 మొదలు 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగును. ఆ దినములలో ఆడపిల్లను వెంటబెట్టుకొని మీ యూరి గ్రంథాలయమునకు పోయి సభ్యత్వము పుచ్చుకొనుడు. పిల్లపేరనే కాదు, మీ పేరను గూడ వ్రాయింపుడు.