పాత పుస్తకానికి ముక్కవాసన ఎందుకు? పోయేదెలా?

వాడరేవు లాంటి సముద్రతీర ఊళ్లలో, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పుస్తకం తెరవగానే ముక్కవాసన గుప్పుమనడం మామూలే. ఎందుకలా?

కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ ఎక్కువ రోజులు ఆరకపోతే బూజు పుడుతుంది. బూజు వదిలే వాయువులదే ముక్కవాసన. పాత కాగితానికుండే లేత తియ్యటి వాసన వేరు. కాగితం తయారయ్యే చెక్కగుజ్జులోని లిగ్నిన్ అనే పదార్థం మెల్లగా విడిపోతూ, తియ్యటి వాసనిచ్చే వెనిలిన్ లాంటి పదార్థాలను వదులుతుంది. ఆ వాసనకు భయపడక్కర్లేదు.

పోగొట్టేదెలా?

పొడి రోజున, గాలి ఆడే నీడలో పుస్తకాన్ని నిలబెట్టి పేజీలు విసనకర్రలా విప్పండి. మండుటెండ వద్దు; కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. బూజు కనిపిస్తే మాస్కు పెట్టుకుని, ఆరుబయట, పెద్దల సాయంతో మెత్తని పొడి బ్రష్‌తో దులపండి.

ఆ తర్వాత మూత ఉన్న డబ్బాలో పుస్తకం, పక్కనే గిన్నెలో వంటసోడా లేదా బొగ్గుముక్కలు పెట్టండి. అవి పేజీలకు తగలకూడదు. సోడా పుల్లని వాసనలిచ్చే ఆమ్లాలను అణుస్తుంది; బొగ్గు తన సన్నని రంధ్రాల్లో వాసన అణువులను పట్టేస్తుంది. వారం తర్వాత తీసి చూడండి. వాసన తగ్గకపోతే సోడా లేదా బొగ్గు మార్చి మళ్లీ పెట్టండి. సెంటు మాత్రం చల్లకండి. మరకపడుతుంది, వాసన పోదు.

పాత పుస్తకాల మీద ఆసక్తి ఉంటే, వాడరేవు తీరానికి దగ్గర్లోనే, వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. ఒకసారి వెళ్లి చూడండి. మీ పుస్తకాలనూ పొడిగా, గాలి తగిలేలా దాచుకోండి.